గడ్డకట్టిన క్వారీలో డైవింగ్: ఈ శీతాకాలం తాడు పట్టుకోండి, వచ్చే శీతాకాలం దిగండి

ప్రశ్న: మాది టెక్కలి. ఎస్తోనియాలోని టాలిన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. రెండేళ్ల కిందట రుషికొండలో స్కూబా నేర్చుకుని ఓపెన్ వాటర్ అనే మొదటి మెట్టు సర్టిఫికెట్ తీసుకున్నాను. ఇప్పటికి ఎనిమిది డైవ్‌లు చేశాను, అన్నీ విశాఖ సముద్రంలోనే. ఇక్కడి క్లబ్బువాళ్లు ఫిబ్రవరిలో రుమ్ము దగ్గర పాత సున్నపురాయి క్వారీలో, గడ్డకట్టిన నీటి మీద కన్నం కోసి ఐసు కిందికి దిగుతారట. నన్నూ రమ్మంటున్నారు. నా సర్టిఫికెట్ సరిపోతుందా? ఏ సామాన్లు కొనుక్కోవాలి? అసలు ప్రమాదం ఎక్కడుంటుంది? వేసవి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు మా ఊరి దగ్గర నీళ్లు నిండిన గ్రానైట్ క్వారీలో ప్రాక్టీస్ చేసుకోవచ్చా? అమ్మకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.
— ఒక పాఠకుడు, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: సరిపోదు. ఓపెన్ వాటర్‌లో మీకు నేర్పిన జాగ్రత్తలన్నీ చివరికి ఒక్కచోటికే వస్తాయి: తేడా వస్తే నెమ్మదిగా పైకి వచ్చేయడం. ఐసు కింద ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. నెత్తిమీద జానెడు మందం పలక, బయటికి మీరు దిగిన కన్నం ఒక్కటే. డైవింగ్ శిక్షణ సంస్థ PADI వారి ఐస్ డైవర్ కోర్సులో చేరాలంటే తర్వాతి మెట్టు అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ అయి ఉండాలి, 18 ఏళ్లు నిండాలి. మా మాటగా ఇంకొకటి కలుపుతున్నాం. డ్రై సూట్ (నీరు లోపలికి రానివ్వని సూట్) కోర్సు విడిగా చేసి, 10 డిగ్రీల లోపు నీటిలో కనీసం పది పదిహేను డైవ్‌లు చేశాకే ఐసు వైపు చూడండి. 28 డిగ్రీల విశాఖ నీటిలో పల్చటి వెట్ సూట్ వేసుకుని చేసిన ఎనిమిది డైవ్‌లు దీనికి పునాది కాలేవు.

అయినా ఆ పిలుపు కాదనకండి. ఫిబ్రవరిలో వెళ్లండి, పైనే ఉండండి. డైవర్ నడుముకు కట్టిన తాడు కొస పట్టుకుని ఐసు మీద నిలబడే మనిషిని టెండర్ అంటారు. ఐసు డైవింగ్‌లో సగం పని, సగం కన్నా ఎక్కువ బాధ్యత, ఆ మనిషిదే. టెండర్ పని వచ్చినవాడు రేపు కిందికి దిగితే, తన తాడు పైవాడి చేతిలో ఏం చెబుతుందో తెలిసి దిగుతాడు. ఆ పని రానివాడు తాడును ఊరికే వెనకాల ఈడ్చుకుని తిరుగుతాడు.

ముందు తాడు సంగతి చూద్దాం. 10 లేదా 12 మిల్లీమీటర్ల మందం, నీటిమీద తేలే రకం తాడు వాడతారు. మునిగే తాడు అడుగున రాళ్లకూ మొద్దులకూ చుట్టుకుంటుంది. ప్రతి 5 మీటర్లకూ రంగు టేపు చుట్టి ఉండాలి, ఎంత తాడు పోయిందో టెండర్ చూడగానే చెప్పాలి. డైవర్ వైపు కొస బీసీడీకి (గాలి నింపి తేలికను సర్దుకునే జాకెట్‌కు) కట్టరు. బీసీడీ విప్పాల్సి వస్తే తాడు దానితోపాటే పోతుంది. అందుకని బీసీడీ కింద, డ్రై సూట్ మీద విడిగా పట్టీల హార్నెస్ వేసుకుని, మరతో బిగించే లోహపు కొక్కెంతో (కారబైనర్) దానికి తగిలిస్తారు. ముడి ఫిగర్ ఎయిట్ (ఎనిమిది అంకె ఆకారం) కావాలి, కొస చెయ్యి వెడల్పంత మిగలాలి. పైవైపు కొస టెండర్ చేతిలో ఉంటే చాలదు. కన్నానికి కొన్ని మీటర్ల వెనక ఐసులో దింపిన ఐస్ స్క్రూకు దాన్ని కట్టాలి. టెండర్ జారిపడినా తాడు నీళ్లలోకి పోకూడదు కదా.

తడిసిన తాడు మైనస్ 10 డిగ్రీల గాలిలో కొద్దిసేపటికే కర్రలా బిగుసుకుంటుంది. చిన్న చుట్టలుగా చుట్టి పెడితే చుట్టలు అలాగే గడ్డకట్టి, కావలసిన సమయానికి విడిపోవు. మంచు మీద కాకుండా టార్పాలిన్ పరిచి, దానిమీద పెద్ద పెద్ద వదులు చుట్టలుగా పరచాలి. కారబైనర్ మర కూడా అంతే. ఒకసారి తడిసి గాలిలో ఉంటే మంచు పట్టి తిరగదు. కంగారుపడి శ్రావణంతో తిప్పకండి, కన్నంలో నీటిలో ముంచి కాసేపు ఉంచితే వదులుతుంది.

తాడు బిగువుగానూ ఉండకూడదు, వేలాడకూడదు. బిగువైతే డైవర్‌ను వెనక్కి లాగుతుంది. వేలాడితే సైగ అందదు. చేతి తొడుగు పల్చగా ఉంటే డైవర్ కాళ్ల ఊపు కూడా తాడులో తెలుస్తుంది. సైగలు జట్టుకో రకంగా ఉంటాయి. ఎక్కువగా కనిపించే పద్ధతి ఇది: టెండర్ ఒకసారి లాగితే ‘బాగున్నావా’, డైవర్ ఒకసారి లాగితే ‘బాగున్నాను’. డైవర్ రెండుసార్లు లాగితే ‘తాడు వదులు’, మూడుసార్లయితే ‘ఎక్కువైన తాడు వెనక్కి తీసుకో’, నాలుగుసార్లు లేదా ఆపకుండా లాగితే ‘నన్ను లాగెయ్’. ఆ క్లబ్బుకు వేరే పద్ధతి ఉంటే అదే నేర్చుకోండి, దిగేముందు డైవరూ మీరూ ఎదురెదురుగా నిలబడి ఒకరికొకరు అప్పజెప్పుకోండి. ‘బాగున్నావా’కి జవాబు రాకపోతే ఇంకోసారి అడగాలి. అప్పటికీ రాకపోతే ఆలోచన లేదు, లాగడమే. ఊరికే లాగేశావని ఏ డైవరూ నొచ్చుకోకూడదు, ఈ మాట కూడా ముందే అనుకోవాలి.

రుమ్ము లాంటిచోట దీనికి ఇంకో చిక్కుంది. టాలిన్‌కు నైరుతి దిక్కున దాదాపు నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ క్వారీలో సోవియట్ కాలంలో పక్కనున్న జైలు ఖైదీలు రాయి తీసేవారు. 1990ల్లో పంపులు ఆపేశాక ఊటనీరు నిండి, కట్టడాలూ చెట్లూ నీటిలో ఉండిపోయాయి. చలికాలంలో నీళ్లు తేటగా ఉంటాయి కాబట్టి ఆ గోడలు చూడాలని అందరికీ ఉబలాటం. కానీ తాడు గోడ మూల తిరిగిందంటే సైగ ఆ మూల దగ్గరే ఆగిపోతుంది. టెండర్ లాగితే డైవర్ కన్నం వైపు రాడు, గోడకు అతుక్కుంటాడు. కాబట్టి కన్నానికీ డైవర్‌కీ మధ్య తాడు ఎప్పుడూ సూటిగా ఉండాలి. గోడ వెనక్కి, కిటికీలోంచి, చెట్టు చుట్టూ వెళ్లడం కూడదు. చూడాలనిపించిన గోడ ముందు ఆగి చూసి, వెళ్లిన దారినే వెనక్కి రావాలి.

ఇక ఐసు. కొత్తగా కట్టిన, నల్లగా కనిపించే తేట ఐసు 10 సెంటీమీటర్లుంటే మనుషులు నడవచ్చు. డైవింగ్‌కు ఐదారుగురు సిలిండర్లతో ఒకేచోట గుమిగూడతారు కాబట్టి 15కి తక్కువైతే పని పెట్టుకోకపోవడం మంచిది. మంచు తడిసి గడ్డకట్టిన తెల్ల ఐసు బలం ఇందులో సగమే, దానికి రెట్టింపు మందం కావాలి. వసంతంలో ఎండకు లోపల సూదుల్లా విడిపోయిన ఐసు ఎంత మందమున్నా నమ్మకూడదు. క్వారీలో ఇంకా జాగ్రత్త. రాతి గోడలు ఎండకు వేడెక్కి పక్కనున్న ఐసును కరిగిస్తాయి, ఊటనీరు దిగే చోట అడుగునుంచి పల్చబడుతుంది. పైగా క్వారీలో ఒడ్డు ఏటవాలుగా ఉండదు, గట్టు దిగితే నిలువునా లోతే. చెరువులోలా ఒడ్డు పక్కన కూలినా మోకాలు లోతులో నిలబడొచ్చు అనుకోవడానికి లేదు. అందుకే ముందు నడిచే మనిషి కొన్ని అడుగులకొకసారి ఆగర్‌తో (ఐసు తొలిచే బర్మాతో) చిల్లు వేసి మందం కొలుస్తూ వెళ్తాడు, మెడలో ఐసు గుచ్చుకునే మేకుల జత వేసుకుంటాడు, వెనకవాడి చేతిలో విసిరే తాడు ఉంటుంది.

కన్నం మూడు మూలలుగా కోస్తారు, ఒక్కో వైపు సుమారు 2 మీటర్లు. మూల దగ్గర డైవర్ రెండు మోచేతులూ రెండు అంచుల మీద పెట్టి పైకి లేవగలడు, గుండ్రటి కన్నంలో అలాంటి పట్టు దొరకదు. మూలల్లో ఆగర్‌తో చిల్లులు వేసి, రంపంతోనో చైన్ సాతోనో కలుపుతారు. చైన్ సాకు మామూలు నూనె కాక వంటనూనె లాంటిది వాడాలి, నీళ్లలో కలిసేది అదే. 25 సెంటీమీటర్ల మందం ఉంటే ఆ పలక బరువు దాదాపు 400 కిలోలు. ఎత్తబోతే నడుములు పడిపోతాయి. అది తేలుతుంది కాబట్టి కర్రలతో అంచు నొక్కి పక్కకు, డైవర్లు వెళ్లని వైపు ఐసు కిందికి తోసేస్తారు. పూర్తిగా ముంచి తోయడానికి 40 కిలోల లోపు బలం చాలు. పలకలో ముందే ఐస్ స్క్రూ దింపి తాడు కట్టి ఉంచితే పని అయ్యాక మళ్లీ లాక్కొచ్చి కన్నం మూసేయొచ్చు. మూసి, చుట్టూ కొమ్మలో జెండాలో పాతకుండా ఇంటికి వెళ్లకండి. రాత్రికి పైన పల్చటి పొర కట్టి, దానిమీద మంచు రాలి, మర్నాడు చేపలు పట్టడానికొచ్చినవాళ్లకు అక్కడ కన్నం ఉన్నట్టే తెలియదు. కోసిన అంచులు పారతో గీకి నునుపు చేయాలి, లేకపోతే తాడు రాసుకుని నారలు లేస్తాయి.

ఐసు మీద మంచు పరిచి ఉంటే కన్నం చుట్టూ పారతో వలయాలు గీస్తారు, మధ్యలోంచి చక్రం ఆకుల్లా గీతలు తీసి, కన్నం వైపు చూపే బాణాలు పెడతారు. మంచు తీసిన చోట వెలుగు కిందికి దిగుతుంది, తాడు పోగొట్టుకున్న డైవర్‌కు దిక్కు తెలుస్తుంది. అర్ధగంట పని, మానేయకండి. ఫిబ్రవరిలో అక్కడ మధ్యాహ్నం దాటితే వెలుగు తగ్గిపోతుంది కాబట్టి కన్నంలోంచి ఒక దీపం వేలాడదీయడం కూడా మంచిదే.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రమాదం. మనుషులు భయపడేది దారి తప్పడానికి. ఎక్కువగా ఎదురయ్యేది మాత్రం, సిలిండర్ గాలి ఒత్తిడి తగ్గించి నోటికి అందించే రెగ్యులేటర్ గడ్డకట్టడం. సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడి దగ్గరున్న గాలి, సిలిండర్‌కు బిగించే రెగ్యులేటర్ మొదటి భాగంలో, అంటే ఫస్ట్ స్టేజ్‌లో, 10 బార్ దగ్గరికి పడిపోతుంది. అలా ఒక్కసారిగా వ్యాకోచించే గాలి చాలా చల్లబడి, చుట్టూ ఉన్న లోహాన్ని సున్నా కిందికి తీసుకుపోతుంది. విశాఖలో చుట్టూ ఉన్న వెచ్చటి నీరు ఆ చలిని తీసేసుకుంటుంది, మీకు తెలియను కూడా తెలియదు. 2 డిగ్రీల నీటికి ఇవ్వడానికి వేడి లేదు. స్ప్రింగ్ చుట్టూ ఉన్న నీరు ఐసై పిస్టన్‌ను తెరిచిన చోటే బిగించేస్తుంది, గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది, నోట్లో పెట్టుకునే భాగం, అంటే సెకండ్ స్టేజ్, ఆగకుండా గాలి కక్కుతుంది. దీన్నే ఫ్రీ ఫ్లో అంటారు. మీ ఊపిరిలోని తేమ సెకండ్ స్టేజ్ మీట మీద గడ్డకట్టినా ఇదే జరుగుతుంది. అలా కక్కడం మొదలైతే నిండు సిలిండర్ కొన్ని నిమిషాల్లో ఖాళీ అవుతుంది, పోతున్న గాలి ఇంకా చల్లబరుస్తుంది కాబట్టి దానంతట అది ఆగదు.

దీన్ని రానివ్వకుండా చేసేది సగం సామాను, సగం అలవాటు. సామాను విషయంలో, రెగ్యులేటర్ మీద యూరప్ ప్రమాణం ఈఎన్ 250 పక్కన ‘10 డిగ్రీలకు పైన’ అనే గుర్తు ఉంటే అది ఈ పనికి రాదు. నీరు స్ప్రింగ్‌ను తాకకుండా మూసిన డయాఫ్రమ్ రకం ఫస్ట్ స్టేజ్ కావాలి. ఒకటి కాదు, రెండు: రెండు వాల్వులున్న సిలిండర్‌కు రెండు ఫస్ట్ స్టేజ్‌లు, ఒక్కోదానికి ఒక్కో సెకండ్ స్టేజ్. డ్రై సూట్‌కు ఒకదాని నుంచి, బీసీడీకి ఇంకోదాని నుంచి గొట్టం. ఒకే ఫస్ట్ స్టేజ్ మీద ఇద్దరు ఊపిరి పీలిస్తే దానిగుండా గాలి రెట్టింపు పారి అది కూడా గడ్డకడుతుంది, అందుకే అదే ఫస్ట్ స్టేజ్‌కు తగిలించే అదనపు సెకండ్ స్టేజ్ (ఆక్టోపస్) మీద ఆధారపడకూడదు. సిలిండర్ నింపే కంప్రెసర్ ఫిల్టర్ కొత్తదై ఉండాలి, తేమగాలి లోపలినుంచే ఐసు కడుతుంది.

అలవాటు అంటే: వేడి టెంట్‌లోంచి తెచ్చిన రెగ్యులేటర్‌ను బయటి గాలిలో పరీక్షించకండి. గాలి వదిలే పర్జ్ బటన్ నొక్కకండి, నోట్లో పెట్టుకుని ఒక్క ఊపిరి కూడా తీయకండి. బయటి గాలి మైనస్ 10 ఉంటే నీటికన్నా అదే చల్లన. మొదటి ఊపిరి నోరు నీటిలో మునిగాకే. డ్రై సూట్‌లోకి గాలి వేసేటప్పుడు చిన్నచిన్న నొక్కులే, అదీ ఊపిరి పీల్చని క్షణంలో. రొప్పేంత ఈదకండి. రెండో డైవ్‌కు ప్రమాదం మొదటిదానికన్నా ఎక్కువ, మొదటిదాని తడి లోపల ఉండిపోతుంది. మధ్యలో రెగ్యులేటర్‌ను ఆరుబయట వదిలేయకుండా టెంట్‌లో ఆరబెట్టాలి. ఇంత చేసినా కక్కితే: జతగాడికి చూపించి, రెండో సెకండ్ స్టేజ్ నోట్లోకి తీసుకుని, కక్కుతున్న వాల్వు మూసేసి, తాడు నాలుగుసార్లు లాగాలి. గాలి పారడం ఆగితే చుట్టూ నీరు సున్నాకు పైనే ఉంటుంది కాబట్టి కొన్ని నిమిషాల్లో ఐసు కరుగుతుంది. కరిగిందని డైవ్ కొనసాగించకూడదు, అక్కడితో సరి.

గాలి లెక్క కాగితం మీద వేసి చూడండి. 12 లీటర్ల సిలిండర్ గదిలో 20 డిగ్రీల దగ్గర 200 బార్ చూపిస్తే, సున్నా దగ్గర సుమారు 186 చూపిస్తుంది. మూడో వంతుల నియమం ఈ రెండో అంకె మీద నడవాలి: ఒక వంతు వెళ్లడానికి, ఒక వంతు రావడానికి, ఒక వంతు ఎవరికీ చెందకుండా అలా ఉండాలి. అంటే 124 దగ్గర వెనక్కి తిరగాలి. ఒక వంతు 740 లీటర్లు. నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడు, ఒత్తిడి రెట్టింపయ్యే 10 మీటర్ల లోతులో 40 వాడతాడు, 18 నిమిషాలు వస్తుంది. చలికీ భయానికీ అదే మనిషి 30 పీలిస్తే 12 నిమిషాలే. కొత్తవాళ్లకు మేము చెప్పేది, మొదటి డైవ్ కన్నం నుంచి 15 మీటర్ల లోపు, లోతు 10 లోపు, పది నిమిషాలు. తర్వాత కూడా 30 మీటర్ల తాడు దాటాల్సిన అవసరం చాలామందికి ఎప్పటికీ రాదు.

తాడు ఊడిపోతే ఏం చేయాలి? కన్నం వెతకకూడదు. 30 మీటర్ల దూరం నుంచి 2 మీటర్ల కన్నానికి దిక్కు రెండు డిగ్రీలు తప్పితే చాలు, పక్కనుంచి దాటిపోతారు. దాటిపోయిన ప్రతి మీటరూ వెతికేవాళ్లకు దూరం పెంచుతుంది. నెమ్మదిగా ఐసు అడుగుకు చేరి, తల పైకి ఉండేలా నిలువుగా, ఒక చెయ్యి ఐసుకు ఆనించి, దీపం వెలిగించి, అక్కడే ఉండాలి. పైన తాడు వదులుగా వచ్చేసిందని టెండర్ అరవగానే స్టాండ్‌బై డైవర్ దిగుతాడు. ఇతను మొదటినుంచీ డ్రై సూట్‌తో, సిలిండర్‌తో, తాడు తగిలించుకుని కన్నం పక్కనే కూర్చుని ఉంటాడు. ఇతని తాడు డైవర్ తాడుకన్నా పొడవు, ఒకటిన్నర రెట్లైనా ఉండాలి. తప్పినవాడు చివర ఉన్న దూరం దాటి వెళ్లి, తాడు బిగువు చేసి, ఐసుకు సరిగ్గా కిందుగా వలయం తిరుగుతాడు. బారువ ఒడ్డున అలివి వల తాడు సముద్రాన్ని చుట్టుకొచ్చినట్టు ఆ తాడు ఐసు కిందంతా ఊడ్చుకొస్తుంది, నిలువుగా ఉన్న మనిషికి తగులుతుంది. తగలగానే పట్టుకుని కారబైనర్ తగిలించుకోవడమే పని. కదిలిపోయేవాడికీ అడుగున పడుకున్నవాడికీ ఆ తాడు తగలదు. టెండర్‌కు ఆ క్షణంలో కావలసినవి రెండు: తాడు ఏ దిక్కున పోయింది, ఎన్ని మీటర్లు పోయింది. రంగు టేపులు చుట్టమన్నది ఇందుకే.

డ్రై సూట్ గురించి తక్కువలో చెబుతాం, అది కోర్సులో నేర్చుకోవాల్సింది. లోపల నూలు బనియను వద్దు, చెమట పట్టి చల్లబడుతుంది. ఉన్ని లేదా పాలిస్టర్ వేసుకుని దానిమీద మందపాటి డైవింగ్ దుస్తులు. సూట్‌లోకి గాలి ఆగకుండా ఎక్కుతుంటే గొట్టం ఊడదీయడం, కాళ్లలోకి గాలి చేరి తలకిందులైతే తిరగడం, ఈ రెండూ మందపాటి చేతి తొడుగులతో కళ్లు మూసుకుని చేయగలగాలి. మునగడానికి పెట్టుకునే సీసం బరువుల లెక్క మారుతుంది. ఉప్పునీటి నుంచి మంచినీటికి వస్తే సుమారు రెండున్నర కిలోలు తగ్గుతుంది, డ్రై సూట్ లోపలి బట్టల్లో ఉన్న గాలికి అంతకన్నా చాలా ఎక్కువ పెరుగుతుంది. సిలిండర్ 50 బార్‌కు పడిపోయినప్పుడు కూడా ఐసుకు అంటుకుపోకుండా నిలవగలగాలి, ఆ లెక్కన సీసం పెట్టుకోవాలి. సీసం పొరపాటున జారిపోయే రకం బెల్టు ఐసు కింద ప్రమాదం: బెల్టు జారితే మీరు కప్పుకు అతుక్కుని కదల్లేరు.

మొదటి వణుకు వచ్చినప్పుడు డైవ్ ముగించాలి. పైకొచ్చాక టెంట్, పొడిబట్టలు, తియ్యటి వేడి టీ, మద్యం ముట్టకూడదు. వణుకు ఆగిపోయి మాట తడబడుతుంటే తగ్గిందనుకోకండి, పడుకోబెట్టి ఒళ్లు కప్పి 112కి ఫోన్ చేయండి. టెండర్‌గా మీకు చలి డైవర్‌కన్నా ముందు పడుతుంది. అతను ఈదుతున్నాడు, మీరు నిలబడే ఉన్నారు. కాళ్ల కింద ఫోమ్ చాప వేసుకోండి, తాడు నీళ్లు కారుతుంది కాబట్టి పొడి తొడుగులు ఇంకో రెండు జతలు జేబులో పెట్టుకోండి.

కొనడం సంగతి. ఈ ఏడాది ఉన్ని లోదుస్తులు, మంచి బూట్లు, ఆ తొడుగులు, మెడలో ఐసు మేకులు, ఇంతే. డ్రై సూట్ మీ ఒంటికి సరిపోయేదై ఉండాలి, కోర్సులో రెండు మూడు రకాలు అద్దెకు వేసుకుని చూశాక కొనండి. రెగ్యులేటర్లు కొనడానికి డబ్బు పెట్టేముందు ప్రతి ఏడాది సర్వీసుకు ఎంతవుతుందో కూడా అడగండి, సర్వీసు చేయని చలినీటి రెగ్యులేటర్‌కు విలువ లేదు.

టెక్కలి క్వారీలో ప్రాక్టీస్ మాత్రం వద్దు, ఇది గట్టిగా చెబుతున్నాం. టెక్కలి, మెళియాపుట్టి వైపు నీలి గ్రానైట్ తీసి వదిలేసిన గుంతల్లో గోడలు యంత్రంతో కోసినట్టు నిలువుగా ఉంటాయి, పట్టుకుని ఎక్కడానికి అంచు ఉండదు. నీటిలో తెగిన ఇనుప తాళ్లు, విరిగిన డ్రిల్ కడ్డీలు, ఎక్కడ మెట్టు తెగి లోతు మొదలవుతుందో తెలియని అడుగు. రాతిపొడి ఒకసారి లేచిందంటే చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. పైనుంచి వదులు రాయి ఎప్పుడైనా జారొచ్చు. ఈతకు దిగిన పిల్లలు అలాంటి గుంతల్లో మునిగిపోయిన వార్తలు వేసవి వస్తే జిల్లా పేజీల్లో చదువుతూనే ఉంటాం. మీకు సిలిండర్ ఉన్నా, పైన స్టాండ్‌బై డైవర్ లేడు, టెండర్ లేడు. పైగా వెచ్చటి నీటిలో ఐసు డైవింగ్‌కు కావలసినదేదీ ప్రాక్టీస్ అవదు.

సెలవుల్లో చేయగలిగింది వేరే ఉంది. రుషికొండలో మీకు నేర్పినవాళ్ల దగ్గరే అడ్వాన్స్‌డ్ చేయండి. అందులో లోతు డైవ్, దిక్సూచి డైవ్ ఎలాగూ ఉంటాయి, నీటిలో ఒకే ఎత్తున కదలకుండా నిలవడం మీద ఎక్కువ సమయం పెట్టమని అడగండి. ఐసు కింద రోజూ కావలసింది అదే. ఇంట్లో చేయదగినవి కూడా ఉన్నాయి. పెరట్లో తమ్ముడికో స్నేహితుడికో నడుముకు 30 మీటర్ల తాడు కట్టి, కళ్లకు గంతలు కట్టి నడిపిస్తూ సైగలు పలికించండి. తాడు మధ్యలో బావి పళ్లెం మూల తగిలితే సైగ ఎలా చచ్చిపోతుందో మీ చేతికే తెలుస్తుంది. బకెట్‌లో ఐసు, నీళ్లు పోసి చేతులు రెండు నిమిషాలు ఉంచి తీసి, కారబైనర్ మర తిప్పి, ఫిగర్ ఎయిట్ ముడి వేసి చూడండి. అంతకుమించి ఉంచకండి, నొప్పి మొదలైతే అప్పుడే తీసేయండి. ఇంటికి బయల్దేరేముందు టాలిన్‌లో డైవ్ చేస్తే ఒక్క డైవైతే 12 గంటలు, ఎక్కువైతే 18 గంటలు విమానం ఎక్కకూడదు. 24 ఉంచుకుంటే మేలు.

అమ్మకు చెప్పండి. ఫిబ్రవరిలో మీ పని ఐసు మీద నిలబడి తాడు పట్టుకోవడమని, నీళ్లలోకి దిగేది కోర్సులు ముగిశాకేనని చెబితే అబద్ధం కాదు, ఆవిడకు వినడానికీ కష్టం కాదు. వెళ్లేముందు క్లబ్బుకు నాలుగు ప్రశ్నలు రాయండి: స్టాండ్‌బై డైవర్ ఎవరు, అతని తాడు ఎంత పొడవు? ఒక్కో డైవర్‌కు విడిగా తాడూ టెండరూ ఉన్నారా? అందరి సిలిండర్లకూ రెండు వాల్వులున్నాయా? ఐసు మందం ఎవరు, ఎప్పుడు, ఎన్నిచోట్ల కొలిచారు? ఇవి అడిగినందుకు విసుక్కుంటే, లేదా ‘వచ్చాక చూద్దాం’ అంటే, తాడు పట్టుకోవడానికి కూడా ఆ జట్టుతో వెళ్లకండి. టాలిన్‌లో వేరే క్లబ్బు చూసుకోండి.